పోటు వేళల పట్టిక

రేపల్లె,
11-6-2006, ఆదివారం, ఉదయం 7.10

చిరంజీవి ఆలియాకు నీ నానీ దువాలు.

నీ ఉత్తరం నిన్న పన్నెండు గంటలకు అందింది. లోపల నువ్వు వేసిన తేదీ 3, కవరు మీద తెనాలి ముద్ర 7. మధ్యలో నాలుగు రోజులు అది నీ చేతిసంచీలో తిరిగిందని అర్థమైంది. ఉత్తరం ముగించిన రోజే డబ్బాలో వేయడం అలవాటు చేసుకో.

ఫోను సంగతి మళ్లీ ఎత్తావు. పక్కింటి ధనమ్మ ఫోనొస్తే పిలుస్తానంటోంది. కానీ నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో సగం వినపడుతుంది, మిగతా సగం ఊహించుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఊహించుకోవడం నాకు పడదు. కాగితం మీద రాయి.

మీ ఆక్వేరియంకు సముద్రపు నీళ్లు తెచ్చే ట్యాంకరుకు పోటు వేళలు చెప్పే మనిషి మానేశాడనీ, ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లి అడుగు బురద తోడుకొస్తున్నారనీ రాశావు. సముద్రం లేని ఊళ్లో సముద్రపు చేపలు పెంచడం ఎవరి ఆలోచనో నాకు తెలియదు. అది అలా ఉంచి, నిజాంపట్నంలో పోటు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. మా ఆయన, మీ నానా రెహమాన్ సాహెబు అక్కడి ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పని చేశారు. పోటు మీదే పడవలు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వస్తాయి. అవి వచ్చేసరికి ఐసు కొట్టి సిద్ధంగా ఉండాలి. ఆ వేళల పుస్తకం రాసింది నేను. దాని నుంచి తీసిన పట్టిక ఇందులో పెట్టాను. నెలలో ఎన్నో రోజున పోటు నిండుగా ఎన్ని గంటలకు ఉంటుందో వరుసగా ఉంది. ఆ సమయానికి ఇంజను పెట్టి తోడితే సముద్రం నీళ్లే వస్తాయి. ఈ పట్టికను మళ్లీ ఎవరూ సరిచూడనక్కర్లేదని మీ సార్ చలపతిరావు గారితో చెప్పు. ఇరవై రెండేళ్లు పడవలే సరిచూశాయి.

ట్యాంకరు మన వీధి మొదట్లోంచే పోవాలి. డ్రైవరును ఒక నిమిషం ఆగమను. నీ ఉత్తరాలు అతనికిస్తే తపాలా వాళ్ల మీద నెపం పెట్టే అవసరం నీకు ఉండదు.

మీ అమ్మ పోయినప్పుడు నీకు ఐదేళ్లు. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఇద్దరం. నువ్వు వెళ్లి ఈరోజుకు మూడు నెలల పదకొండు రోజులు. ఇది ఫిర్యాదు కాదు. లెక్క.

ఖతీజా


తెనాలి,
20-6-2006

ప్రియమైన నానీకి ఆలియా సలాములు.

పట్టిక అందింది. చలపతిరావు సార్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఏంటమ్మా ఇది, అచ్చు వేసినట్టుంది! మీ నానమ్మ గారు ప్రెస్సు నడిపారా?" అన్నారు. నానీ అంటే నానమ్మ కాదు, అమ్మమ్మ అని చెప్పాను. డ్రైవరు రాజారత్నం గారు పట్టికను ప్లాస్టిక్ కవరులో పెట్టి, ట్యాంకరులో తన క్యాలెండరు పక్కనే తగిలించుకున్నారు.

నా పనేమిటో మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఆరింటికి వెళ్తాను. గాలి బుడగలు వస్తున్నాయో లేదో అన్ని తొట్లూ చూస్తాను. ఉప్పు కొలిచే గాజుగొట్టం నీళ్లలో వదిలితే అది ఎక్కడ తేలుతుందో చూసి పుస్తకంలో రాస్తాను. వెయ్యికి ముప్పై రెండు పాళ్లు ఉండాలి. తర్వాత రొయ్యలు ఒలిచి ముక్కలు కొయ్యడం. నా చేతుల వాసనకి బస్సులో పక్కనెవరూ కూర్చోరు, హాయిగా ఉంటుంది.

పెద్ద తొట్టిలో ఒక టేకు చేప ఉంది. వలలో పడి తోక దగ్గర గాయంతో వచ్చింది. పల్చగా, వెడల్పుగా ఉంటుందని పిల్లలు దానికి 'చాట' అని పేరు పెట్టారు. ఎవరు మేత వేసినా తినేది కాదు. నెల రోజులు నేను రోజూ నీళ్లలో చెయ్యి పెట్టి కదలకుండా ఉన్నాను. మొన్న వచ్చి నా అరచేతి మీద పొట్ట ఆనించి రొయ్య లాక్కుంది. దాని నోరు అడుగున ఉంటుంది నానీ, తినేటప్పుడు తను తినేది తనకు కనపడదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. గదికి వెళ్తే చెప్పడానికి ఎవరూ లేరు.

ఆదివారాలు జనం ఎక్కువ, రావడం కుదరదు. జులై 23న సెలవు అడిగాను. ఇస్తారనే అనుకుంటున్నాను.

మీ ఆలియా


రేపల్లె,
3-7-2006, సోమవారం, సాయంత్రం 5.40

చి. ఆలియాకు,

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు రాజారత్నం వచ్చాడు. ట్యాంకరు వీధంతా అడ్డంగా ఆపి "అమ్మగారూ, మీరేనా పోటు పంతులమ్మ?" అని కేకేశాడు. వీధిలో అందరూ బయటికొచ్చారు. ధనమ్మ అయితే మన ఇంటికి నీళ్ల ట్యాంకరు తెప్పించుకున్నాననుకుని రెండు బిందెలతో వచ్చింది. నోట్లో వేసుకుంటే తెలిసేది. నీళ్లు బాగా వచ్చాయని అతను చెప్పాడు. రాక తప్పదు.

మనిషి మంచివాడు, వాగుడు ఎక్కువ. పదిహేడు నిమిషాలు కూర్చున్నాడు. నువ్వు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే తిరిగి తీసుకెళ్తావని చెప్పాడు. చేపలకు గ్రాములు తూచి పెట్టేదానివి, నీ పూటలు నువ్వు లెక్క వేసుకోవాలి.

జంతువుకు పేరు పెట్టకు. పేరు పెట్టినదాన్ని వదిలి రావడం కష్టం. మనుషులకు పేర్లున్నా వదిలి వెళ్లడం కొందరికి తేలికే, అది వేరే సంగతి.

23న సెలవు అడిగానన్నావు. ఆదివారం నువ్వు లేకపోతే అక్కడ ఇబ్బంది అని నువ్వే రాశావు కదా. వీలు కాకపోతే రావద్దు. నా కోసం పని చెడగొట్టుకోవద్దు.

నాకు ఆరోగ్యం బాగానే ఉంది. వానలు మొదలయ్యాయి. వంటింటి కప్పు రెండు చోట్ల కారుతోంది, క్రితం ఏడు ఒక చోటే కారేది.

నానీ


తెనాలి,
14-7-2006

నానీకి సలాములు.

మీ ఉత్తరం చదివాక 23 సెలవు వద్దని సార్‌కు చెప్పేశాను. మీరు రావద్దని రాశారు కాబట్టి ఇక్కడే ఉంటాను. 'కొందరికి తేలికే' అన్న మాట నాలుగు సార్లు చదివాను. తేలిక కాదు నానీ. ఇంతకంటే రాయలేను, ఎక్కువ రాస్తే మీరు అక్షరాల వంకర చూస్తారు.

అన్నం డబ్బా సంగతి అబద్ధం. అప్పుడప్పుడు మాత్రమే.

ఆలియా


రేపల్లె,
25-7-2006, మంగళవారం, ఉదయం 6.30

ఆలియాకు,

'వీలు కాకపోతే' అని రాశాను. వీలుందో లేదో చూసుకోమని దాని అర్థం. ఆదివారం ఉదయం రైలుకు స్టేషనుకు వెళ్లాను. తెనాలి ప్యాసింజరు తొమ్మిది నిమిషాలు ఆలస్యం. అందరూ దిగేదాకా ఉన్నాను. నీ ఉత్తరం ఇంటికి వచ్చింది ఆ మర్నాడు, సోమవారం.

చేసిన సేమ్యా ధనమ్మ పిల్లలకు పంపాను. గిన్నె కడిగి తిరిగిచ్చారు.

ఇక సెలవుల గురించి నువ్వూ రాయకు, నేనూ రాయను.

ఖతీజా


తెనాలి,
2-9-2006

నానీకి,

ఆగస్టు నెలంతా రాయలేదు. మీరూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు, రాజారత్నం గారి నోటి ద్వారా మీకు తెలియడం నాకిష్టం లేదు.

28న సాయంత్రం ట్యాంకరు వచ్చింది. పెద్ద తొట్టిలో సగం నీళ్లు తీసి కొత్తవి పోశాము. కృష్ణకు వరద వస్తోందని పేపర్లో చూశాను కానీ ఆ నీళ్లు వడపోత ఇసుకలోంచి తేటగా వచ్చాయి. కొత్త నీళ్లు పోసేముందు ఉప్పు కొలవాలి. నేను కొలవలేదు. మర్నాడు ఉదయం కొలిస్తే తొట్టిలో ఇరవై మూడే ఉంది. ట్యాంకరులో మిగిలిన నీళ్లు కొలిస్తే పద్నాలుగు.

నక్షత్ర చేపలు పదకొండూ పోయాయి. ముందు చేతులు మెత్తబడి, తర్వాత ఒక్కొక్కటీ విడిపోయాయి. సీతాకోక చేపలు ఆరు పోయాయి. టేకు చేప అడుగున పడి ఉంది, ఏమీ తినడం లేదు. సూర్యలంక నుంచి నీళ్లు తెప్పించి కొంచెం కొంచెంగా ఉప్పు పెంచుతున్నాను. ఒక్కసారిగా పెంచితే అదీ ప్రమాదమే.

తప్పు నాది. సార్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. ఏం నిర్ణయిస్తారో తెలియదు.

ఆలియా


రేపల్లె,
5-9-2006, మంగళవారం, సాయంత్రం 4.15

ఆలియాకు,

ఇవాళ ఉపాధ్యాయ దినోత్సవం. పాత విద్యార్థులు ఐదుగురు పూలదండ తెచ్చారు. అందులో ఒకతను బ్యాంకు మేనేజరు. "టీచర్, మీరు కొట్టిన దెబ్బలకే కూడిక వచ్చింది" అన్నాడు. వాళ్లు వెళ్లాక నీ ఉత్తరం విప్పాను.

కొలవకుండా పోశావు. గాజుగొట్టం నీ చేతికి అందేచోట ఉంది. అది నీళ్లలో వదిలి చూడడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం ఎక్కడ పెట్టావు? నీకు ఆ ప్రాణులను అప్పగించారు. అవి నోరు తెరిచి చెప్పలేవు, తలుపు తీసుకుని వెళ్లలేవు. పదిహేడు ప్రాణాలు. నా దగ్గర పెరిగిన పిల్ల ఇంత అజాగ్రత్తగా ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు. మీ అమ్మ హలీమా ఉంటే ఏమనేదో నాకు తెలియదు. నేను మాత్రం సిగ్గుపడ్డాను.

నీ నిర్లక్ష్యానికి సాకులు రాయనందుకు మాత్రం సంతోషం.

ఖతీజా


తెనాలి,
10-9-2006

నానీకి,

మీరు రాసినదంతా నిజం.

30వ తేదీతో నా పని ఆఖరు అని చలపతిరావు సార్ చెప్పారు. పై వాళ్లు అడుగుతున్నారట, ఎవరో ఒకరిని చూపాలి కదమ్మా అన్నారు. ఈ ఇరవై రోజుల్లో టేకు చేపకు ఇంకొకరి చేతి మేత అలవాటు చేయాలి. అసలు నా చేతి మేతే తినడం లేదు.

తర్వాత విజయవాడలో నాన్న దగ్గరికి వెళ్తాను. రేపల్లె వచ్చి మీకు సిగ్గు తేను.

ఆలియా


రేపల్లె,
15-9-2006, శుక్రవారం, ఉదయం 5.50

నా తల్లి ఆలియాకు,

ఈ ఉత్తరం పూర్తిగా చదువు. మధ్యలో మడిచి పెట్టవద్దు.

నిన్న పదకొండింటికి రాజారత్నం బస్సులో వచ్చాడు. వరద తగ్గాక మళ్లీ నిజాంపట్నం నీళ్లే తెస్తారట, పాత పట్టిక తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, కొత్తది రాసిమ్మని అడిగాడు. సూర్యలంకలో ఒడ్డంతా ఇసుక, పైపు నిమిషానికోసారి పూడుకుపోతోందట. అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏంటో అమ్మగారూ, పాప ఉద్యోగం అట్టా అయిపోయింది. నేనైతే మీరు రాసినట్టే పోయానండి. అయిదో రోజు మూడింటికి అని ఉందా, కొట్టాయన్ని తిథేంటని అడిగా. పంచమి అన్నాడు. సరిగ్గా మూడింటికి ఇంజను వేశా. జూన్‌లోనూ అంతే, జులైలోనూ అంతే."

నేను అతన్ని మూడు సార్లు అడిగాను, పంచమేనా అని. మూడోసారికి విసుక్కున్నాడు. "వినాయక చవితి మర్నాడే కదండీ! ఉండ్రాళ్లు కూడా తిన్నా, మా చర్చిలో చెప్పబోకండి."

అతను టీ తాగుతుండగా లోపలికెళ్లి మీ నానా పుస్తకం తీశాను.

నా పట్టికలో నెల మొదలయ్యేది చంద్రుడు కంటికి కనిపించిన సాయంత్రం తర్వాత. మా పుట్టింట్లో, అత్తింట్లో, ఐసు ఫ్యాక్టరీలో అదే లెక్క. అమావాస్య మర్నాడు పాడ్యమి అని లెక్కపెట్టే వాళ్లకు నా అయిదో రోజు సప్తమి అవుతుంది. ఆగస్టులో సరిగ్గా రెండు రోజుల తేడా. పోటు రోజురోజుకూ ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా వస్తుంది. రాజారత్నం ఇంజను వేసేసరికి పోటు నిండి గంటా నలభై నిమిషాలు దాటింది, నీళ్లు తిరుగుముఖం పట్టాయి. ఏటి వరదంతా మొగలోంచి దిగుతోంది. అతను తోడింది కృష్ణ నీళ్లు.

జూన్, జులైలలోనూ ఇదే తప్పు జరిగింది. అప్పుడు ఏటికి నీళ్లు రాలేదు కాబట్టి బయటపడలేదు.

పట్టిక పైన ఏ నెలో నేను రాయలేదు. ఒక్క మాట. లెక్కలో కొలమానం రాయని పిల్లలకు ముప్పై ఒక్క ఏళ్లు సున్నా వేశాను.

ఇంకొకటి. వెళ్తూ వెళ్తూ రాజారత్నం అన్నాడు: "ఆ మర్నాడే పాప ట్యాంకరెక్కి పట్టికా క్యాలెండరూ పక్కపక్కన పెట్టి చూసిందండి. ఏంటమ్మా అంటే, ఏం లేదు అంకుల్, ఈ సంగతి ఎవరితో అనకండి అంది. ఏ సంగతో నాకేం తెలుసు!"

నీకు తెలుసు. ఆగస్టు 29 నుంచి నీకు తెలుసు. సెప్టెంబరు 5న నేను రాసిన ఉత్తరం అందుకున్నప్పుడూ తెలుసు. నువ్వు ఎందుకు కొలవలేదో కూడా నాకు ఇప్పుడు తెలిసింది. నానీ లెక్క కాబట్టి కొలవలేదు. నా లెక్కను సరిచూడడం నీకు ఎప్పుడూ నేర్పలేదు, సరిచూడబోతే కోప్పడ్డాను.

రాజారత్నానికి కొత్త పట్టిక ఇవ్వలేదు. సరైన వేళలు వేసి ఇస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ప్రతి నెలా అతను వచ్చి పదిహేడు నిమిషాలు కూర్చునేవాడు. అది కూడా ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అబద్ధం.

చలపతిరావు గారికి వేరుగా ఉత్తరం రాశాను, రిజిస్టరు పోస్టులో ఇవాళే వెళ్తుంది. నకలు ఇందులో పెట్టాను. పట్టిక నాదని, తప్పు నాదని, తిథులతో ఎంత తేడా వచ్చిందో రోజు వారీగా చూపి సంతకం చేశాను. నీ వంతు తప్పు కొలవకపోవడం, అదీ రాశాను. అంతవరకే నీది.

నేను సిగ్గుపడ్డానని రాసిన వాక్యాన్ని కొట్టివేయి. సిరాతో కొట్టివేయి.

నానీ


తెనాలి,
29-9-2006

నానీకి సలాములు, రంజాన్ ముబారక్.

ఎందుకు రాశారు నానీ? సార్ మీ ఉత్తరాన్ని ఆఫీసులో పైకి చదివారు. గుమాస్తా ఒకాయన నవ్వాడు. "పోటు పంతులమ్మకే పోటు తప్పిందా" అన్నాడు. నేను రొయ్యల కత్తి పట్టుకునే ఉన్నాను, చూసి ఊరుకున్నాడు. రేపల్లెలో సగం ఊరికి మీరు లెక్కలు చెప్పారు. ఈ మాట అక్కడిదాకా రాకూడదనే నేను నోరు మూసుకున్నాను. మీకు ఉన్నది ఆ పేరొక్కటే అనుకున్నాను.

నన్ను ఉంచారు. హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇకమీదట నీళ్లు సూర్యలంక నుంచే, ఇసుక ఉన్నా సరే. ట్యాంకరు బాపట్ల మీదుగా పోయి వస్తుంది, రేపల్లె వైపు రాదు. నీళ్లు తోడేచోట ఒకసారి, ఇక్కడ ఒకసారి ఉప్పు కొలవాలి. అందుకని ట్యాంకరుతో నేను కూడా వెళ్లాలి. నా వారపు సెలవు అందులో పోయింది.

టేకు చేప మొన్న తిన్నది. రెండు ముక్కలు. తర్వాత నా చేతి కిందే కాసేపు ఉంది.

ఆ వాక్యం కొట్టివేశాను. పండక్కి రావడం నా చేతిలో లేదు. కుదిరితే రమ్మనండి, కుదరకపోయినా రమ్మనండి నానీ. వద్దని మాత్రం రాయకండి.

ఆలియా


రేపల్లె,
7-10-2006, శనివారం, రాత్రి 7.30

ఆలియాకు నానీ దువాలు.

రా. కుదిరినా, కుదరకపోయినా.

ఇవాళ పదమూడో రోజా. తెల్లవారుజామున సహరీ తిన్నాక ఇంట్లో చేసే పని ఏమీ కనపడలేదు. ఉదయం ప్యాసింజరుకు తెనాలి వచ్చాను. నీకు చెప్పలేదు, చెబితే నీ పని చెడుతుంది. స్టేషను నుంచి రిక్షాలో మీ ఆక్వేరియం ఉన్న పార్కుకు వచ్చి టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చున్నతన్ని ఆలియా ఉందా అని అడిగితే, లోపల మేత వేస్తోంది, ఐదింటిదాకా బయటికి రాదు అన్నాడు. నేను ఇఫ్తారుకు ఇంట్లో ఉండాలంటే నాలుగున్నర రైలు ఎక్కాలి.

అద్దాల దగ్గర చీకటిగా ఉంది. కొల్లిపర నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు, వాళ్ల మాస్టారు అరుస్తున్నాడు, ఎవరూ వినడం లేదు. వాళ్ల వెనక నిలబడ్డాను. టేకు చేప అడుగున ఇసుక కప్పుకుని ఉంది. కళ్లు మాత్రం బయటికి కనిపించాయి. తోక దగ్గర మచ్చ చూశాను.

అప్పుడు పైనుంచి నీ చెయ్యి నీళ్లలోకి వచ్చింది. మోచేతి దాకా. ముందు చెయ్యే కనపడింది. తర్వాత నువ్వు వంగితే నీ ముఖం కూడా కనపడింది, నీళ్లు కదులుతుంటే ముక్కలుగా. చిక్కావు. అది ఇసుక దులుపుకుని పైకి లేచింది. పిల్లలంతా ఒక్కసారిగా "చాట, చాట" అని అరిచారు. నాలుగు ముక్కలు తిన్నది. నువ్వు నవ్వావు. పైన వెలుతురు, కింద చీకటి కాబట్టి నీకు మేము కనపడం అని అర్థమైంది.

నీ ముఖం నా చేతికి రెండు మూరల దూరంలో ఉంది. మధ్యలో అద్దం. ఒకసారి వేలితో కొడితే కిందికి చూసేదానివి. చెయ్యి ఎత్తాను కూడా. పక్కనే నీ చేతిరాతతో బోర్డు ఉంది: 'అద్దాన్ని కొట్టవద్దు. లోపల ఉన్నవి బెదురుతాయి.'

కొట్టలేదు.

నీ నానీ
ఖతీజా